న్యూమోకోనియోసిస్: ఒక పొడవైన వైద్యపదాన్ని విడదీసి పలకడం

ఈ భాగంలో మనం ముఖ్యంగా ఒకే ఒక్క ఇంగ్లీషు వైద్యపదాన్ని పరిశీలిస్తాం. ఆ పదం న్యూమోకోనియోసిస్. ఏళ్ల తరబడి ఖనిజాల దుమ్ము పీల్చడంవల్ల ఊపిరితిత్తులకు వచ్చే జబ్బులన్నిటికీ కలిపి వైద్యులు వాడే పేరు ఇది. సిలబుల్, ఊనిక అనే మాటలను మీరు ఇంతకుముందే చిన్న పదాలతో నేర్చుకొని ఉంటారు. వాటిని ఇప్పుడు ఒక పెద్ద పదం మీద పెట్టి చూద్దాం.

ఇన్ని పదాలుండగా దీన్నే ఎందుకు ఎంచుకున్నామన్న ప్రశ్న వస్తుంది. పెద్దపల్లి జిల్లాలో గోదావరిఖని, రామగుండం, జ్యోతినగర్ దగ్గరదగ్గరగా ఉంటాయి. గోదావరిఖని చుట్టూ సింగరేణి బొగ్గు తవ్వుతుంది. జ్యోతినగర్ ఎన్టీపీసీ వారి టౌన్‌షిప్. అక్కడి 2,600 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఆ బొగ్గును మండిస్తుంది. ఒకవైపు బొగ్గు దుమ్ము, రాతి దుమ్ము, మరొకవైపు బూడిద. ఈ ప్రాంతపు విద్యార్థికి న్యూమోకోనియోసిస్ అన్న మాట డిక్షనరీలోకంటే ముందు ఇంట్లోనే ఎదురుకావచ్చు.

ఒక సందర్భాన్ని ఊహించండి. ముప్పై ఏళ్లు బాయి పని చేసి రిటైరైన తండ్రి ఛాతీ ఎక్స్‌రే తీయించుకొని ఇంటికి వచ్చాడు. డిగ్రీ చదువుతున్న కూతురు అడిగింది: "డాక్టరు ఏమన్నడు బాపూ?"

"నిమోనియా లెక్క ఏదో అన్నడు బిడ్డా. పేరు పెద్దగున్నది, నాకు నోరు తిరుగలే."

కూతురు నోటుబుక్కులో నిమోనియా అని రాసుకుంది. మరునాడు ఆఫీసులో ఇవ్వడానికి రాసిన దరఖాస్తులోనూ అదే మాట దిగింది. రాసినదాంట్లో వ్యాకరణ దోషం ఒక్కటి కూడా లేదు. తప్పల్లా జబ్బు పేరులోనే.

న్యుమోనియా సూక్ష్మజీవులవల్ల ఊపిరితిత్తులకు వచ్చే ఇన్ఫెక్షన్. అది ఎవరికైనా రావచ్చు. మందులతో చాలావరకు నయమవుతుంది. న్యూమోకోనియోసిస్ అలాంటిది కాదు. దుమ్ము ఊపిరితిత్తుల్లోకి చేరి అక్కడ మచ్చలు కడుతుంది. ఆ మచ్చలను తీసేసే మందు లేదు. మనిషిని దుమ్ముకు దూరంగా ఉంచడం, ఆయాసానికి, తోడుగా వచ్చే ఇతర జబ్బులకు వైద్యం చేయడం మాత్రమే చేయగలిగింది. అన్నిటికంటే ముఖ్యంగా ఇది పనివల్ల వచ్చే జబ్బు. అందుకే చట్టం దీన్ని వేరుగా చూస్తుంది. 1952 నాటి గనుల చట్టం 25వ సెక్షన్ ప్రకారం, గని పనికి సంబంధించినదని కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన జబ్బు కార్మికుడికి వస్తే యాజమాన్యం గనుల చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కు నోటీసు పంపాలి. గనిలో పనిచేస్తున్న లేదా పూర్వం పనిచేసిన మనిషిని పరీక్షించిన వైద్యుడికి అలాంటి జబ్బు ఉందనిపిస్తే, ఆయన కూడా ఆలస్యం చేయకుండా రాతపూర్వకంగా తెలియజేయాలి. సిలికోసిస్, న్యూమోకోనియోసిస్ రెండూ అలా ప్రకటించిన జబ్బుల్లో ఉన్నాయి. 1923 నాటి పరిహార చట్టం మూడవ షెడ్యూలులో కూడా ఖనిజ ధూళివల్ల వచ్చే న్యూమోకోనియోసిస్‌లు వృత్తి వ్యాధులుగా నమోదయ్యాయి. ఈ రెండు చట్టాల అంశాలనూ తరువాత 2020 నాటి కార్మిక కోడ్‌లలోకి తెచ్చారు. న్యుమోనియా అన్న మాట పెట్టిన దరఖాస్తు ఈ దారిలోకే రాదు. చదివే గుమస్తా దాన్ని మామూలు జబ్బు కాగితాల్లో పెడతాడు. ఆయనను తప్పుపట్టడానికీ లేదు.

కాబట్టి ఈ పదాన్ని మొదటి నుంచి చివరి దాకా వినడం, పలకడం, రాయడం నేర్చుకోవడం అవసరం. అందుకు దీన్ని రెండు విధాలుగా విడదీయాలి. ఒకటి అర్థాన్ని బట్టి, రెండవది నోటిని బట్టి.

అర్థాన్ని బట్టి విడదీయడం

వైద్యపదాల్లో ఎక్కువభాగం గ్రీకు, లాటిన్ ముక్కలతో కట్టిన సమాసాలు. మనం గోదావరి, ఖని అనే రెండు మాటలు కలిపి ఒక ఊరి పేరు చేసుకున్నట్టే వైద్యులు ముక్కలు కలిపి జబ్బుల పేర్లు చేసుకున్నారు. న్యూమోకోనియోసిస్‌లో మూడు ముక్కలున్నాయి. మొదటిది న్యూమో: గ్రీకులో ఊపిరితిత్తి అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. రెండవది కోని: గ్రీకులో కోనిస్ అంటే దుమ్ము. మూడవది ఓసిస్: ఏదో ఒక స్థితి, వైద్యంలో ఎక్కువగా జబ్బు స్థితి. మూడూ కలిపితే ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరిన స్థితి. 1867లో జర్మన్ వైద్యుడు ఫ్రీడ్రిష్ ఆల్బర్ట్ జెంకర్ ఈ పేరు పెట్టాడు. ఆయన పెట్టిన రూపంలో మొదటి ముక్క న్యూమోనో. నలుగురి నోళ్లలో నలిగి నో పోయింది, న్యూమో మిగిలింది.

మన దగ్గర సామాన్యులు ఈ సంగతిని రెండు చిన్న మాటల్లో చెప్పుకుంటారు. దుమ్ము, దమ్ము. మొదటిది గాలిలో ఉండేది. రెండవది ఛాతీలో పట్టేసేది, అంటే ఆయాసం. ఒక్క ఉకారం తేడాతో కారణమూ కార్యమూ రెండూ వచ్చేశాయి. అమెరికా బొగ్గు గనుల కార్మికులు కూడా పెద్ద పేరు జోలికి పోకుండా బ్లాక్ లంగ్, అంటే నల్ల ఊపిరితిత్తి, అన్నారు. 1969లో వెస్ట్ వర్జీనియా కార్మికులు ఆ చిన్న పేరుతోనే సమ్మె చేశారు. అదే ఏడాది చివర అక్కడ బొగ్గు గనుల ఆరోగ్య, భద్రత చట్టం వచ్చింది. చట్టం పాఠంలో మాత్రం మళ్లీ న్యూమోకోనియోసిస్ అనే ఉంది. వీధిలో ఏ మాట వాడినా, ఫైలులో నడిచేది పొడుగు మాటే.

ఓసిస్ అనే తోక తెలిస్తే దాని కుటుంబమంతా తెలిసినట్టే. సిలికా అనే రాతి పదార్థపు దుమ్ముతో వచ్చేది సిలికోసిస్. ఆస్‌బెస్టాస్ నారలతో వచ్చేది ఆస్‌బెస్టోసిస్. బొగ్గు దుమ్ముతో ఊపిరితిత్తులు నల్లబడడం ఆంథ్రకోసిస్. గ్రీకులో ఆంథ్రాక్స్ అంటే బొగ్గు. బొగ్గు గనిలో పనిచేసేవారికి బొగ్గు దుమ్ము ఒక్కటే కాదు, సిలికా దుమ్ము కూడా తగులుతుందని గుర్తుంచుకోండి. గోదావరి లోయలో బొగ్గు పొరల పైనా కిందా ఇసుకరాయి ఉంటుంది. పైకప్పుకు బోల్టులు బిగించడానికి రంధ్రాలు చేసేటప్పుడు, ఓపెన్‌కాస్ట్‌లో పైమట్టిని డ్రిల్లింగు చేసి పేల్చేటప్పుడు లేచేది ఎక్కువగా ఆ రాతి దుమ్మే.

నోటిని బట్టి విడదీయడం

ఇక్కడ తెలుగు మాధ్యమం విద్యార్థికి ఒక చిక్కు ఉంది. మనం అక్షరం అనగానే కాగితం మీద రాసే అక్షరమే గుర్తుకొస్తుంది. సిలబుల్ అంటే రాత కాదు, నోటి పని. ఒక అచ్చు చుట్టూ చేరిన ధ్వనుల గుంపు ఒక సిలబుల్. గడ్డం కింద అరచేయి పెట్టుకొని ఒక మాటను నెమ్మదిగా పలకండి. గడ్డం ఎన్నిసార్లు కిందికి దిగితే సుమారుగా అన్ని సిలబుల్స్.

జ్యోతినగర్ అని పలికి చూడండి. రాతలో జ్యో, తి, న, గ, ర్ అని ఐదు ముక్కలు కనిపిస్తాయి. నోట్లో మాత్రం జ్యో-తి-న-గర్ అని నాలుగే. చివరి రకారప్పొల్లుకు సొంత అచ్చు లేదు గనుక అది ముందున్న గ మీద ఆనుకుంటుంది. గోదావరిఖనిలో గో-దా-వ-రి-ఖ-ని ఆరు సిలబుల్స్. ఇక్కడ రాతా నోరూ ఏకీభవిస్తాయి. ఇప్పుడు స్వప్నం తీసుకోండి. రాసేటప్పుడు స్వ, ప్నం. పలికేటప్పుడు స్వప్-నం. పకారం ముందు సిలబుల్‌ను మూసివేస్తుంది, నకారం తరువాతి సిలబుల్‌ను తెరుస్తుంది.

ఈ సంగతి మన ఛందస్సుకు ఎప్పటినుంచో తెలుసు. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు అవుతుందని మీరు చదివారు. స్వ స్వతహాగా లఘువే. ప్నం పక్కన వచ్చేసరికి గురువైంది. ఎందుకు? ప్ వెనక్కి వచ్చి స్వ మీద కూర్చుంది, అందువల్ల బరువు పెరిగింది. గురులఘువుల సూత్రాన్ని బట్టీపట్టినవారు ఈ కారణాన్ని గమనించి ఉండకపోవచ్చు. గమనిస్తే ఇంగ్లీషు సిలబుల్ విభజన సగం వచ్చినట్టే.

మిగిలిన సగం ఏమిటంటే, రెండు అచ్చుల మధ్య ఉన్న హల్లులు ఎటు వెళ్లాలన్నది. సాధారణ సూత్రం ఇది: ఆ భాషలో మాట మొదట్లో రాదగిన హల్లుల గుంపు అయితే అది తరువాతి అచ్చుతో వెళుతుంది, రాకూడని గుంపు అయితే విడిపోతుంది.

పలకని పి సంగతి

న్యూమోకోనియోసిస్ ఇంగ్లీషు స్పెల్లింగు పి అనే అక్షరంతో మొదలవుతుంది. దాని వెనుక ఎన్ వస్తుంది. గ్రీకులో ప్న్ అని రెండు హల్లులూ పలికేవారు. ఇంగ్లీషు మాట మొదట్లో ఆ గుంపు రాదు. కనుక పి రాతలో నిలిచి, నోటి నుంచి తప్పుకుంది. కొందరు విద్యార్థులు జాగ్రత్త కోసం ప్న్యూమో అని పలుకుతారు. ఆ జాగ్రత్త అనవసరం.

అయితే ఆ పి ఎప్పుడూ మూగది కాదు. ఆయాసానికి వైద్యులు డిస్ప్నియా అంటారు. అందులో ఉన్నదీ శ్వాసకు సంబంధించిన ఆ గ్రీకు ప్న్ గుంపే. కానీ అక్కడ పి స్పష్టంగా వినిపిస్తుంది: డిస్ప్-ని-అ. ముందు ఒక సిలబుల్ ఉంది గనుక పి దాని మీద ఆనుకోగలిగింది, స్వప్నంలో పకారం ఆనుకున్నట్టు. అందరికీ తెలిసిన ఉదాహరణ కావాలంటే హెలికాప్టర్ ఉంది. అర్థాన్ని బట్టి అది హెలికో, ప్టర్ అనే రెండు గ్రీకు ముక్కలు; మొదటిదానికి మెలి తిరిగినది, రెండవదానికి రెక్క అని అర్థం. ఆ రెక్క ముక్కే టెరొడాక్టిల్ అనే ఒకనాటి ఎగిరే జంతువు పేరులో మొదట వస్తుంది, అక్కడ పి మూగపోతుంది. హెలికాప్టర్‌లో మాట నడుమ వచ్చింది గనుక హె-లి-కాప్-టర్ అని పలుకుతుంది. అర్థం ప్టర్ అని విడదీస్తే, నోరు కాప్-టర్ అని విడదీసింది. రెండు విభజనలూ ఒకటి కావని చెప్పడానికి ఇంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

ఆరు సిలబుల్స్

ఇప్పుడు మన పదం: న్యూ-మో-కో-ని-ఓ-సిస్. ఆరు సిలబుల్స్. గోదావరిఖనిలో ఉన్నన్నే. ప్రతిరోజూ గోదావరిఖని అని అలవోకగా పలికే నోటికి ఈ పదం పొడుగు కాదు, కొత్త మాత్రమే. అదృష్టవశాత్తు ఇందులో అర్థం విభజనా నోటి విభజనా చాలా దగ్గరగా ఉన్నాయి: న్యూ-మో, కో-ని, ఓ-సిస్. రెండేసి సిలబుల్స్‌కు ఒక్కో అర్థం. సిలికోసిస్‌లో ఈ సుఖం లేదు. అర్థం సిలిక్, ఓసిస్ అని విడిపోతే, నోరు సి-లి-కో-సిస్ అని క్‌ను తరువాతి అచ్చుకు అప్పగిస్తుంది.

తెలుగు నోటికి ఈ పదంలో మూడు చోట్ల జారుడు ఉంది. మొదటిది ని-ఓ దగ్గర. రెండు అచ్చులు పక్కపక్కన రావడం తెలుగుకు ఇష్టం ఉండదు. మా, అమ్మ కలిసి మాయమ్మ అయినట్టు, మధ్యలో యడాగమం వచ్చి నియో అవుతుంది. దీనివల్ల నష్టమేమీ లేదు. ని-యో అన్నా రెండు సిలబుల్సే. ఇంగ్లీషువారి నోట్లో కూడా అక్కడ యకారపు ఛాయ వినిపిస్తుంది. ఈ పాఠంలో నేనూ అలాగే రాస్తున్నాను. నష్టం ఎక్కడంటే, తొందరలో నియో కాస్తా న్యో అయినప్పుడు, లేదా ని పూర్తిగా రాలిపోయి కోనోసిస్ అయినప్పుడు. ఆరు ఐదవుతాయి. గోదావరిని గోదారి అన్నప్పుడు కూడా ఒక సిలబుల్ పోయింది, కానీ ఆ నది అందరికీ తెలుసు కనుక ఎవరూ తికమకపడరు. తెలియని మాటలో ఒక్క సిలబుల్ పోయినా వినేవాడు దాన్ని తనకు తెలిసిన మరో మాటతో పూరించుకుంటాడు. మన ఉదాహరణలో తండ్రి చేసింది అదే. న్యూమో అని మొదలైంది, నడుమ ఎక్కడో ని వినిపించింది, నిమోనియా అనుకున్నాడు.

రెండవది మాట చివర. తెలుగు మాటలు అచ్చుతో ముగియడానికి ఇష్టపడతాయి. బస్ బస్సు అయింది, కార్డ్ కార్డు అయింది. ఆ అలవాటుతో సిస్ కూడా సిస్సు అవుతుంది, ఏడవ సిలబుల్ పుడుతుంది. ఇంటి మాటల్లో ఇది తప్పు కాదు. తెలుగు విభక్తులు చేరాలంటే కొన్నిసార్లు అవసరం కూడా. ఇంగ్లీషులో డాక్టరుతో మాట్లాడేటప్పుడు మాత్రం సిస్ దగ్గర ఆపడం అలవాటు చేసుకోండి.

మూడవది, అన్నిటికంటే పెద్దది, ఊనిక. తెలుగు లిపిలో రాసినప్పుడు మో, కో, యో మూడూ సమానమైన దీర్ఘాలుగా కనిపిస్తాయి. చదివేవాడు మూడింటినీ సమానంగా సాగదీస్తాడు. ఇంగ్లీషు అలా చేయదు. ఒక సిలబుల్ మీద గట్టిగా ఊని, ఒకటి రెండింటి మీద కొంచెం ఊని, మిగిలినవాటిని నలిపేస్తుంది. డిక్షనరీలో గట్టి ఊనికకు సిలబుల్ ముందు పైభాగాన చిన్న నిలువు గీత పెడతారు. ఆ గీతతో రాస్తే మన పదం ఇది: న్యూ-మొ-కో-ని-ˈఓ-సిస్. గట్టి ఊనిక చివరి నుంచి రెండవ సిలబుల్ మీద. న్యూ మీద, కో మీద తేలికపాటి ఊనిక. మొ, ని బలహీనం. మో అనే దీర్ఘాన్ని ఇక్కడ మొ అని ఎందుకు రాశానో ఇప్పుడు తెలిసి ఉంటుంది. బ్రిటిష్ డిక్షనరీలు మొదటి సిలబుల్‌ను న్యూ అని, అమెరికన్ డిక్షనరీలు ఎక్కువగా నూ అని చూపుతాయి. రెండూ సరైనవే.

ఈ ఊనిక స్థానం ఒక్క పదానికి చెందినది కాదు. ఓసిస్‌తో ముగిసే జబ్బుల పేర్లన్నిటా దాదాపు ఇదే వరస: సి-లి-ˈకో-సిస్, ఆంథ్-ర-ˈకో-సిస్, థ్రాం-ˈబో-సిస్, ట్యూ-బర్-క్యు-ˈలో-సిస్. జబ్బు పేరు కాని డయాగ్నోసిస్ కూడా ఇంతే: డై-అగ్-ˈనో-సిస్. మెటమార్ఫసిస్ లాంటి ఒకటి రెండు మాటలు ఈ వరసకు లొంగవు. అందులో ఊనిక సంప్రదాయికంగా మార్ మీద పడుతుంది. తోకను బట్టి ఊనిక మారుతుందన్నది అసలు సంగతి. ఐటిస్‌తో ముగిస్తే ఐ మీద: బ్రాం-ˈకై-టిస్. ఇక్‌తో ముగిస్తే దాని ముందు సిలబుల్ మీద. ఊపిరి బలాన్ని కొలిచే పరీక్ష స్పైరామెట్రీలో, ఊపిరితిత్తుల వైద్యశాస్త్రం పల్మనాలజీలో చివరి నుంచి మూడవదాని మీద: స్పై-ˈరా-మ-ట్రీ, పల్-మ-ˈనా-ల-జీ.

ఇక మన అసలు ఇబ్బందికి వద్దాం. న్యుమోనియా: న్యు-ˈమో-ని-అ. న్యూమోకోనియోసిస్: న్యూ-మొ-కో-ని-ˈఓ-సిస్. మొదటిదానిలో మో గట్టిగా మోగుతుంది. రెండవదానిలో అదే మో నలిగిపోతుంది, బరువంతా చివర ఓసిస్ మీదికి జరుగుతుంది. డాక్టరు తొందరగా చెప్పినా ఈ ఒక్క తేడా పట్టుకుంటే చాలు. మో మీద బరువు పడితే ఇన్ఫెక్షన్. చివర ఓసిస్ అని దిగితే మరో జబ్బు. అప్పుడు వెంటనే పేరు రాసి ఇమ్మని అడగాలి. అడగడం నామోషీ కాదు. తన రిపోర్టులో ఏముందో తెలుసుకోవడం రోగి హక్కు.

నలభై ఐదు అక్షరాల మాట

ఈ కుటుంబంలోనే ఇంకొక మాట ఉంది. క్విజ్ పోటీల్లో, సామాన్య జ్ఞాన పుస్తకాల్లో ఇంగ్లీషులో అతి పొడవైన పదంగా దీన్ని చూసి ఉంటారు: న్యూమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవాల్కేనోకోనియోసిస్. ఇంగ్లీషు స్పెల్లింగులో 45 అక్షరాలు. ముక్కలుగా చూస్తే న్యూమోనో అంటే ఊపిరితిత్తి, అల్ట్రా అంటే మించిన, మైక్రోస్కోపిక్ అంటే సూక్ష్మదర్శినితో మాత్రమే కనిపించే, సిలికో అంటే సిలికా, వాల్కేనో అంటే అగ్నిపర్వతం, కోని దుమ్ము, ఓసిస్ జబ్బు. అగ్నిపర్వతం నుంచి వచ్చిన, సూక్ష్మదర్శినికి కూడా అందనంత సన్నని సిలికా దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు అని మొత్తం భావం.

దీన్ని పుట్టించింది వైద్యుడు కాదు. అమెరికాలో పజిళ్లంటే ఇష్టపడేవారి సంఘం నేషనల్ పజ్లర్స్ లీగ్ ఉంది. 1935లో దాని అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ ఆ సంఘం సమావేశంలో ఈ మాటను బయటపెట్టాడు. ఫిబ్రవరి 23న న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక దాన్ని ప్రచురించింది. పొడవు కోసమే చేసిన మాట ఇది. తరువాత డిక్షనరీల్లోకి ఎక్కింది, కానీ ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ కూడా దీన్ని కృత్రిమ పదమనే చెబుతుంది. భావం కూడా అంత కచ్చితం కాదు. సిలికోసిస్ తెచ్చే దుమ్ము కణాలు మామూలు కంటికి కనిపించవు, కానీ మామూలు సూక్ష్మదర్శినిలో కనిపిస్తాయి. కొన్ని మైక్రోమీటర్ల లోపు కణాలు ఊపిరితిత్తుల చివరి గాలి సంచుల దాకా వెళతాయి; మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఇక అగ్నిపర్వతం అక్కర్లేదు. రామగుండంలో అగ్నిపర్వతం లేదు, ఇసుకరాయి ఉంది.

ఆ మాట పుట్టిన రోజుల్లోనే అదే అమెరికాలో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. వెస్ట్ వర్జీనియాలో హాక్స్ నెస్ట్ అనే చోట 1930లో ఒక సొరంగం తవ్వకం మొదలైంది. ఆ కొండ సిలికా నిండిన రాయి. సరైన రక్షణ లేకుండా దాన్ని తొలిచిన కార్మికుల్లో వందల మంది సిలికోసిస్‌తో చనిపోయారు; 1936లో అమెరికా కాంగ్రెస్ దాని మీద విచారణ జరిపింది. నగరంలో ఒక సమావేశంలో ఆ జబ్బు పేరు 45 అక్షరాల వినోదమైంది, కొండ దగ్గర నాలుగు సిలబుల్స్ సిలికోసిస్ మనుషులను తీసుకుపోయింది. అందుకే పొడుగు మాటను సాధన కోసం వాడుకోండి, రిపోర్టులో మాత్రం దాన్ని వెతకవద్దు. మీకు ఎదురయ్యేది సిలికోసిస్, లేదా న్యూమోకోనియోసిస్.

సాధనకు మాత్రం అది బాగుంటుంది. దాని సిలబుల్స్ ఇవి: న్యూ-మొ-నో-అల్-ట్ర-మై-క్ర-ˈస్కా-పిక్-సి-లి-కో-వాల్-కే-నో-కో-ని-ˈఓ-సిస్. లెక్క పెట్టండి, 19 వస్తాయి. శార్దూల పద్యంలో ఒక పాదానికి ఎన్ని అక్షరాలో అన్ని. శార్దూలాన్ని ఒక్క ఊపిరిలో చదవగలిగినవారికి ఇదీ సాధ్యమే. కొన్ని డిక్షనరీలు స్కాప్-ఇక్, సిల్-ఇ-కో అని విడదీసి చూపుతాయి. హల్లు ఎటు చేరిందన్నదే తేడా, లెక్క మారదు.

వెనుక నుంచి ముందుకు

పొడుగు మాటలను మొదటి నుంచి చదవడం మొదలుపెడితే సగంలో ఊపిరీ ధైర్యమూ అయిపోతాయి. చివరి ముక్కను నోరు ఎలాగోలా ముగించేస్తుంది. అసలు ఊనిక ఉన్నదే చివర. కనుక భాషా బోధకులు వెనుక నుంచి కట్టుకురమ్మంటారు. ముందు సిస్ అనండి. తరువాత ఓసిస్, ఓ మీద గట్టిగా ఊని. తరువాత ని-ఓసిస్. తరువాత కో-ని-ఓసిస్. ఈ నాలుగు సిలబుల్స్‌ను పదిసార్లు అనండి. దుమ్ము జబ్బు అనే అర్థమంతా ఇందులోనే ఉంది. ఇప్పుడు మొ-కోనియోసిస్. చివరగా న్యూ చేర్చండి. ఎప్పుడూ కొత్త ముక్క నుంచి తెలిసిన ముక్కలోకి నడుస్తారు గనుక నోరు తడబడదు.

రాయడానికి వచ్చేసరికి తిరగేసి, అర్థభాగాలను పట్టుకోండి. న్యూమో, కోని, ఓసిస్ అని మూడు ముక్కలుగా రాసి కలిపితే స్పెల్లింగులో ని తర్వాతి ఐ, ఓ రెండూ వాటి చోట్లలోనే ఉంటాయి. మొదట్లో మూగ పి ని మరిచిపోకండి. నోటికి అక్కర్లేదు గానీ, డిక్షనరీలో ఈ మాటను పి కింద వెతకాలి. ఎన్ కింద వెతికినవారికి దొరకదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

జ్యోతినగర్, రామగుండం, సింగరేణి, మందమర్రి అనే పేర్లలో రాతలో ఎన్ని అక్షరాలున్నాయో, నోట్లో ఎన్ని సిలబుల్స్ ఉన్నాయో వేరువేరుగా రాయండి. మందమర్రిలో రెండు రకారాలు ఎక్కడ విడిపోతున్నాయో చూడండి.

ఆస్‌బెస్టోసిస్, బ్రాంకైటిస్, ఫైబ్రోసిస్, రేడియాలజీ అనే మాటలను సిలబుల్స్‌గా విడదీసి, గట్టి ఊనిక ఉన్న సిలబుల్ ముందు నిలువు గీత పెట్టండి. తోకను చూసి ముందే ఊహించి, తరువాత డిక్షనరీతో సరిచూసుకోండి.

మీ ఇంట్లో గాని, పక్కింట్లో గాని గనిలో లేదా విద్యుత్ కేంద్రంలో పనిచేసినవారు ఉంటే, వారి ఛాతీ ఎక్స్‌రే రిపోర్టును అనుమతి తీసుకొని చూడండి. అందులో ఓసిస్‌తో, ఐటిస్‌తో, ఇయాతో ముగిసిన మాటలు ఏమైనా ఉంటే నోటుబుక్కులో రాసుకోండి. ఒక్కొక్కదాన్ని వెనుక నుంచి కట్టుకుంటూ పలికి, అర్థాన్ని వారికి తెలుగులో చెప్పండి.